వంతను మింగిన స్టైల్‌షీట్

నేను ఒక స్టైల్‌షీట్‌ను. చేత్తో పట్టుకుందామంటే దొరకను, తూకం వేద్దామంటే తూగను. కంప్యూటర్‌లో నాలుగైదు పేజీల రాత, అంతే నా ఒళ్లు. నాణేనికైతే అరుగుదల ఉంటుంది, సైకిలుకైతే సొట్టలుంటాయి. చూపించుకోవడానికి నాకు ఒక్క గాయం మచ్చ కూడా లేదు. అయినా ఒక ఊరి పాటలన్నీ నాలోంచి నడిచి వెళ్లాయి. అందుకే నాకూ ఒక కథ ఉందని అనుకుంటున్నాను.

నా పని తెలియాలంటే మీ వంటింట్లో జంతికల గొట్టాన్ని తలుచుకోండి. పిండి ఒకటే. అడుగున బిళ్ల మారిస్తే ఒకసారి జంతికలు, ఒకసారి సన్న కారప్పూస, ఇంకోసారి రిబ్బను పకోడీ. గొట్టం ఉప్పు వెయ్యదు, కారం కలపదు. రూపం మాత్రం ఇస్తుంది. నా దగ్గరికి వచ్చే పిండి పేరు ఎక్స్ఎమ్ఎల్. పేరు విని బెదిరిపోకండి. ప్రతి ముక్కకూ అటూ ఇటూ చీటీ అంటించిన రాత అది. ఇది పాట, ఇది పేరు, ఇది చరణం అని ఆ చీటీలు చెబుతాయి. ఎలా కనిపించాలో మాత్రం చెప్పవు. అది చెప్పాల్సింది నేను.

నేను పుట్టింది విశాఖపట్నంలో, ఒక శిక్షణ తరగతిలో. బోర్డు మీద ఉన్నదాన్ని నలభై మంది నలభై కంప్యూటర్లలో దించారు. ఆ లెక్కన నాకు ముప్పై తొమ్మిది మంది కవలలు. చాలామంది ఆ సాయంత్రమే చెరిగిపోయారు. నన్ను మాత్రం తవిటయ్య మాస్టారు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, పెన్‌డ్రైవ్‌ను చొక్కా జేబులో వేసుకుని, గెడ్డవలస తీసుకొచ్చారు. అక్కడి గ్రంథాలయంలో ఆయన పిల్లలకు కంప్యూటర్ నేర్పుతారు. మొదట నా చేత పుస్తకాల పట్టికలు వేయించారు. "నేనే తయారుచేశాను" అని అందరికీ చూపించారు. మనుషులంతే. కాపీ చేసి, ఒక పేరు మార్చి, సృష్టించామంటారు. నాకేమీ కోపం లేదు. కాపీ చెయ్యకపోతే నేను ఈ ఊరు చూసేదాన్నే కాదు.

ఒక వేసవిలో మాస్టారు నన్ను ఈశ్వరి చేతికిచ్చారు. ఇంటర్ చదివే పిల్ల. గ్రంథాలయం వరండాలో ఎప్పుడూ చివరి స్తంభం పక్కన నిలబడే పిల్ల. నాట్లకు వెళ్లినా వెనక వరసే.

"ఈశ్వరమ్మా, మనూరి నాట్ల పాటలు రాసుకొచ్చేవు కదా. వాట్ని మళ్లీ మళ్లీ టైపు సేస్తావేటి? ఒక్కసారి చీటీలు కట్టి పెట్టు. పుస్తకానికి కావాలంటే పుస్తకం, ఫోనుకు కావాలంటే ఫోను, దీని చేత దింపించుకోవచ్చు" అన్నారు మాస్టారు.

ఆమె తల ఊపింది. అంతకంటే మాట్లాడటం నేను చాలా రోజులు వినలేదు.

కానీ నాలో ఒక అర ఉంది. ఒక చిన్న బాణం, ఒక ఆశ్చర్యార్థకం, రెండు గీతలు పెట్టి, తర్వాత ఏం రాసినా నేను దాన్ని దాటి వెళ్లిపోతాను. బయటికి పోనివ్వను. పని చేసేవాళ్లు తమకోసం గుర్తులు రాసుకునే చోటు అది. ఈశ్వరి ఆ చోటును డైరీ చేసుకుంది. "ఇవాళ జవాబు తెలుసు, చెప్పలేకపోయాను" అని ఒకచోట. "నా గొంతు నాకే పరాయిగా వినిపిస్తుంది" అని ఇంకోచోట. ఏ ముద్రణలోనూ కనపడని ఆ మాటలను నా నియమాల మధ్య నేను మోశాను.

నన్ను నేర్చుకోవడం ఆమెకు తేలిక కాలేదు. తొలిసారి నడిపినప్పుడు పాటలన్నీ ఒకే ముద్దగా వచ్చి పడ్డాయి. పేరేదో చరణమేదో తెలియలేదు. ఆమె భయపడింది. నా స్వభావం అలాంటిది. ఏ చీటీ గురించైనా నాకేమీ చెప్పకపోతే, చీటీ ఊడదీసి మాటలను ఉన్నవున్నట్టు పోనిస్తాను. తెలియనిదాన్ని పారెయ్యను. ఆమె ఒక్కొక్క నియమం రాయడం మొదలుపెట్టింది. పేరు వస్తే పెద్దక్షరాలు చెయ్యి. చరణం వస్తే వరస మార్చు. పాట వస్తే, లోపల ఉన్నవాళ్లందరినీ పిలిచి, ఎవరి నియమం వాళ్లను నడుపుకోమను. ఆ చివరి నియమం రాసి ఆమె చాలాసేపు తెర వంకే చూసింది. ఒక్కటే మాట అన్ని పాటల్లోకీ దిగి, ప్రతి చరణాన్నీ పేరు పెట్టి పిలుస్తోంది.

పిమ్మట నా కింద మూడు చిన్న బిళ్లలు అమర్చింది. ఒకటి పుస్తకానికి, ఒకటి ఫోనుకు. మూడోది చేతివేలితో చదివే చుక్కల అక్షరాలకు, అంటే బ్రెయిలీకి. ముగ్గురూ ఏ పని వచ్చినా ముందు నన్నే అడుగుతారు. ఒక మధ్యాహ్నం మూడింటినీ నడిపి మాస్టారిని పిలిచింది. తెర మీద ఒకే పాట పుస్తకం పేజీగా, ఫోను పేజీగా, చుక్కల బారుగా నిలబడి ఉంది.

"ఓలమ్మో!" అన్నారు మాస్టారు. ఇంగ్లీషులో పాఠం చెప్పే మనిషి నోటికి ఊరి మాటే వచ్చింది.

ఈశ్వరి ఆ చుక్కల వైపే చూస్తోంది. వాటిని చదవడం తనకు రాదు. తను రాసిందే తనకు తెలియని అక్షరాలై, తెలియని వేళ్ల కోసం ఎదురుచూస్తోంది. ఆ రోజు అరలో ఒక్క వాక్యమే ఉంది: "పాట తెలుగులోంచి ఎక్కడికీ పోలేదు, కానీ ఎంత దూరం వెళ్లింది!"

ఆ వేళ్లు దమయంతివి. చూపు లేని పిల్ల. అయిదో ఏటనే పట్నంలో హాస్టలుకు పంపేశారు. పదో తరగతి పూర్తిచేసి ఆ వేసవిలోనే ఊరు చేరింది. వానలు పడగానే తన ఈడు పిల్లలంతా నాట్లకు పోతారని తెలిసి, ఇంట్లో కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. "నారు తొక్కీస్తావు" అని మడిలోకి రావద్దన్నారు. "అయితే గట్టు మీద నిలబడి పాట ఎత్తుతాను" అంది. పాట ఎత్తడమంటే ముందు పాడటం. మిగతావాళ్లు వెనక అందుకుంటారు. ఆ ఊళ్లో నాట్లకు పాట ఎత్తే మనిషి అప్పలనరసమ్మ. ఆవిడ ఆలోచించి, "తొలి నాటు రోజుకి పాటలొచ్చీస్తే సూద్దాం" అంది. తొలి నాటు దాటితే ఆ ఏడాదికి వరసలు ఖాయమైపోతాయి. కొత్త మనిషికి మళ్లీ పై ఏడే.

నా చుక్కలను మాస్టారు దమయంతి హాస్టలు ప్రెస్సులో అచ్చొత్తించి బస్సులో తెప్పించారు. దమయంతి వాటి మీద పడి పాటలన్నీ కంఠతా పట్టింది. తొలి నాటుకు రెండు రోజుల ముందు గ్రంథాలయంలో అప్పలనరసమ్మకూ, ఇంకొందరు ఆడవాళ్లకూ పాడి వినిపించింది. కంప్యూటర్ గది తలుపు తీసే ఉంది. నేను విన్నాను.

"తూరుపు గట్టున మబ్బొచ్చెనమ్మా, పడమటి మడిలోన నీరొచ్చెనమ్మా, నీరొచ్చి నారంత నవ్వేనమ్మా, నవ్వేటి నారుకు నడుమేదమ్మా..."

చక్కని గొంతు. కానీ ఆగడం లేదు. చరణం మీద చరణం, చరణం మీద చరణం.

"ఒలే ఒలే, ఆగవే! పాట పాడతన్నావా, బస్సు తోలతన్నావా? మజ్జిలో స్టాపులే నేవేటి?" అంది అప్పలనరసమ్మ. అందరూ నవ్వారు.

దమయంతి వేలు కాగితం మీదే నిలిచిపోయింది. "ఇందులో ఉన్నదే పాడేనత్తా."

"వంత ఏదే? 'వంగవే సెల్లె, వరుసాగనీకు' అని మేం ఎప్పుడు అందుకోవాల? మాకు సోటేదీ?"

"వంతా? ఇందులో నేదత్తా."

ఎవరో మెల్లిగా అన్నారు, "పాపం, పొలం ఎరగని పిల్ల. ఈ ఏడుకి గట్టు మీద కూకుని ఇంటాదిలే."

దమయంతి కాగితాలు మడిచింది. ఆ చప్పుడు చాలా చిన్నది.

వంతను మింగింది నేనే. మింగమని చెప్పింది ఈశ్వరి. చీటీ కట్టేటప్పుడు వంతకు వంత అనే చీటీ కట్టింది. కానీ అచ్చు పేజీలో ప్రతి చరణం కిందా అదే వాక్యం రావడం చూసి, పేజీ నిండిపోతోందని, వంత కోసం, మూడు రూపాలకూ వర్తించేలా నాలోనే, ఒక ఖాళీ నియమం రాసింది. చీటీ కనబడితే ఏమీ చెయ్యకు అని. చెప్పకపోతే మాటలను పోనిస్తానని ముందే అన్నాను కదా. నోరు మూసుకోమంటే మూసుకుంటాను. పుస్తకం చూసినవాళ్లెవరికీ లోటు తెలియలేదు, ఎందుకంటే ఆ ఊళ్లో వంత కాగితం మీద ఉండదు, నోళ్లలో ఉంటుంది. చరణం చదవగానే నోరు దానంతటదే అందుకుంటుంది. నాట్ల వెనక వరసలో పుట్టి పెరిగిన పిల్లకు వంత కూడా రాయాల్సిన మాటే అని తోచలేదు. తోచే వీలు లేదు. తను ఎప్పుడూ వంతే కదా.

ఆడవాళ్లు లేచి వెళ్లబోతున్నారు. ఈశ్వరి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అత్తా!" అంది. నేను విన్న మొదటి పెద్ద మాట అదే. "అది నేకపోలేదు. నానే తీసీసేను. దమయంతి తప్పేటీ నేదు."

"నువ్వా? ఏటే, నీకు నోరుందేటి?" అంది అప్పలనరసమ్మ నవ్వుతూ.

"ఎల్లుండికి ఎట్టీస్తాను. పాట ఎత్తనివ్వత్తా."

ఆవిడ ఆ పిల్లనీ ఈ పిల్లనీ చూసింది. "సర్లే. బేగి కానివ్వండి. మబ్బు ఆగుతాదేటి మీకోసం?"

ఈశ్వరి నా ముందు కూర్చుంది. ఖాళీ నియమంలో ఒకే ఒక్క పంక్తి పెట్టింది. వంత వస్తే కొత్త వరసలో నిలబెట్టు, అందరికీ చోటివ్వు. నన్ను నడిపింది. ఊళ్లోని పాటలన్నిట్లో, అన్ని చరణాల కిందా, మూడు రూపాల్లోనూ వంతలు ఒక్క క్షణంలో లేచి నిలబడ్డాయి. పారిపోయినవి తిరిగి రాలేదు. మొదటినుంచీ అక్కడే ఉన్నాయి, పిలవలేదంతే. నేను గొట్టాన్ని, నాకు కన్నీళ్లు ఉండవు. ఉంటే ఆ క్షణం వచ్చేవి. మాస్టారు హాస్టలుకు ఫోను చేసి బతిమాలారు. కొత్త కాగితాలు తొలి నాటు ఉదయం మొదటి బస్సుకు దిగాయి.

పొలంలో ఏం జరిగిందో నేను చూడలేదు. ఆ సాయంత్రం ఈశ్వరి గోళ్లలో మట్టితోనే వచ్చి, నా అరలో రాసింది. దమయంతి గట్టు మీద నిలబడి మొదటి పాట ఎత్తిందట. చరణం అయ్యాక ఆగిందట. ఇరవై గొంతులు వంత అందుకున్నాయట, ఇరవై నడుములు ఒక్కసారి వంగాయట. రెండో పాట సగంలో చినుకులు మొదలయ్యాయి. కాగితం తడిసి చుక్కలు అణిగిపోయాయి. దమయంతి వేలు కాగితం మీద వెతుకుతోంది. కంఠతా వచ్చిన చరణమే కంగారులో గుర్తుకు రావడం లేదు. మడిలో అందరూ నారు చేత్తో పట్టుకుని నిలబడిపోయారు.

"అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు వంత ఎత్తింది" అని రాసింది ఈశ్వరి. "చరణం లేకుండా వంత ఎవరూ ఎత్తరు. ఆ గొంతు ఎవరిదో అని నేనూ తిరిగి చూశాను. నాదే."

వాళ్లు ఆ వంతను రెండుసార్లు పాడారు, మూడుసార్లు పాడారు. ఆ సందులో దమయంతికి చరణం గుర్తుకొచ్చింది. కాగితం మడిచి బొడ్డులో దోపుకుని, మడంతా నాటేవరకు అది లేకుండానే పాడింది.

ఇప్పుడు నేను పాతబడ్డాను. తవిటయ్య మాస్టారు ఈ పనికి కొత్త పరికరాలు వచ్చాయంటున్నారు. ఈశ్వరి వాటిని కూడా నేర్చుకుంటోంది. నా పెన్‌డ్రైవ్ గ్రంథాలయం సొరుగులో, స్టాంపు ప్యాడు పక్కన ఉంటుంది. నాకు దిగులు లేదు. ఏ పరికరమైనా ముందు పాట ఎత్తి, తర్వాత చోటిచ్చి, మిగతావాళ్లను పిలవాల్సిందే.

చివరిసారి నన్ను తెరిచిన రోజు సంగతి చెప్పి ఆపుతాను. పాటల పుస్తకంలో ప్రతి పాట కింద ఎత్తినవాళ్ల పేరు ఉండేది. ఈశ్వరి ఆ రోజు ఇంకో చీటీ చేర్చింది. వంత పాడినవారు అని. వెనక వరసలోని పేర్లన్నీ రాసింది. ఆఖరున, అరలో దాచే మాటలా కాకుండా, బయటికి వచ్చే మాటలా ఇంకో పేరు రాసింది. నన్ను నడిపింది. నేను మూడు రూపాల్లో పోశాను.

చుక్కల కాగితాలు వచ్చాక దమయంతి గ్రంథాలయం బల్ల మీద వాటిని పరుచుకుంది. వేలు పేరు మీద నుంచి పేరు మీదకి వెళుతోంది. చివరి పేరు దగ్గర ఆగింది. వెనక్కి జరిగి, మళ్లీ తడిమింది.

"ఈశ్వరి" అని పైకి చదివింది.

పక్కనే కూర్చున్న పిల్ల వరండాలోని చివరి స్తంభం వైపు చూడలేదు. "ఊ" అంది.