సకీనాబీ కోపం చల్లారిన రోజు

నాగర్‌కర్నూలు దవాఖానలో ఉతికిన కట్టుగుడ్డలు ఆరాలంటే ఎండన్నా రావాలి, సకీనాబీకి కోపమన్నా రావాలి. చలికాలపు ఎండను నమ్ముకునేందుకు లేదు. అందుకని కాంపౌండర్ ఇస్మాయిల్ పొద్దున్నే ఆమెకు ఎదురుపోయి, "ఆపా, నిన్న వార్డు సరిగ్గ ఊడ్వలేదంట గద" అనేవాడు. అంతే. "ఎవడన్నడు? వాని నోట్ల మన్నువడ!" అని ఆయా సకీనాబీ ఇంతెత్తున లేచేది. ఒళ్లు కాలిన పెనంలా వేడెక్కేది. ఇస్మాయిల్ గబగబా తడిగుడ్డలు తెచ్చి ఆమె భుజాల మీద వేసేవాడు. ఆమె తిడుతూ నడవా ఊడుస్తుంటే గుడ్డలు పొగలు కక్కి ఆరిపోయేవి. కొత్తగా వచ్చినప్పుడు డాక్టర్ జాఫర్ సాబ్ ఒకసారి ఆమె నాడి చూశాడు. జ్వరం కాదని తేలాక ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ కోపం ఉత్తి కోపం కాదు. ఇరవై రెండేళ్ల కింద సకీనాబీకి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. ఏడో నెల బిడ్డయితే బతుకుతుందట, ఎనిమిదో నెల బిడ్డ బతకదట. ఈ లెక్క ఎవడు కట్టాడో గాని, ఆ చుట్టుపక్కల హిందువులూ ముసల్మానులూ ఒక్క మాటగా నమ్మేది ఇదొక్కటే. ఇంటి పెద్దలు బిడ్డను చాటలో వేసి తలుపు వెనక పెట్టారు. ముట్టుకుంటే మమత పెరుగుతుందని తల్లి చేతికియ్యలేదు. మధ్యాహ్నం దాకా ఏడ్చి ఏడ్చి ఊరుకుంది ఆ బిడ్డ. సకీనాబీ ఒళ్లు ఆ రోజు అంటుకుంది.

పుష్యమాసంలో ఒక పొద్దున తెలకపల్లి నుంచి ఎడ్లబండి వచ్చి దవాఖాన ముందు ఆగింది. జీతగాడు మాసయ్య బండి తోలుతున్నాడు. లోపల బాలింత జోగులమ్మ, ఆమె అత్త కిష్టమ్మ.

"సాబ్, కోడలికి నెత్తురు ఆగుతలేదు. జర బతికియ్యుండ్రి" అంది కిష్టమ్మ. జోగులమ్మను లోపలికి మోసుకుపోయారు. డాక్టర్ సూదేసి నెత్తురు ఆపాడు.

సకీనాబీ బండి దగ్గరే నిలబడిపోయింది. గడ్డి మీద ఒక పాతచీర మూట, అందులోంచి పిల్లికూన మూలిగినట్టు సన్నని చప్పుడు.

"గా మూటల ఏందమ్మా?"

"ఏం లేదు బూబమ్మా. ఎనిమిదో నెలది, ఆడపిల్ల. నిలువదు. నేనే మూడింటిని పూడ్చిన, నాకు తెల్వదా?"

"పానమున్న పిల్లను గడ్డిల పడేసి ఏం లేదంటవా? నీకు కండ్లున్నయా, గచ్చకాయలున్నయా?"

సకీనాబీ మూటను రెండు చేతులా ఎత్తుకుని లోపలికి ఉరికింది. ఇస్మాయిల్ మందుల తక్కెడలో తూచాడు. సేరున్నర. తోలు కింద నరాలు నీలంగా కనబడుతున్నాయి.

"ముందు వేడి కావాలె. అది లేకుంటే నేనేం చేసినా దండుగ" అన్నాడు డాక్టర్. వేడినీళ్లు పోసే రబ్బరు సంచులు రెండుండేవి. ఒకటి చిరిగిపోయింది, పై దేశాల్లో జరిగే లడాయి పుణ్యమా అని కొత్తది రాలేదు. రెండోది గడియలో చల్లబడేది. డాక్టరూ ఇస్మాయిలూ ఒకేసారి సకీనాబీ వైపు చూశారు.

ఆమె మంచం మీద గోడకానుకుని కూర్చుని, రవికె ముడి విప్పి, పిల్లను రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టుకుంది. పైన దూది, దాని మీద దుప్పటి. ఎదురు మంచంలో జోగులమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చూస్తే మమత పెరుగుతుందని అత్త చెప్పింది మరి. ముర్రుపాలు పిల్లకు మంచివి కావని కిష్టమ్మ కోడలి చేత నేల మీదికి పిండిస్తుంటే సకీనాబీ చూసింది. చూసి వేసిన కేకకు వార్డులో రోగులందరూ లేచి కూర్చున్నారు.

"జర తగ్గు, పిల్ల ఉడుకుతది!" అని డాక్టర్ థర్మామీటరు పట్టుకుని ఉరికొచ్చాడు.

ఆ తర్వాత అదే పని అయింది వాళ్లకు. డాక్టర్ గంటగంటకూ పిల్ల చంకలో థర్మామీటరు పెట్టేవాడు. ఎక్కువుంటే ఆయాను బుజ్జగించేవాడు. తగ్గితే ఇస్మాయిల్‌కు సైగ చేసేవాడు, ఇస్మాయిల్ వచ్చి ఆమెను ఏదో ఒకటి అనేవాడు. జోగులమ్మ మారుమాట లేకుండా గిన్నెలోకి పాలు పిండి ఇచ్చేది. ఆ పాలను గాజుగొట్టంతో చుక్క చుక్కగా వేసేవారు. పిల్ల ఊపిరి తీయడం మర్చిపోయినప్పుడల్లా ఎవరు దగ్గరుంటే వాళ్లు అరికాలు మీద వేలితో కొట్టేవారు. ఉలిక్కిపడి మళ్లీ తీసేది.

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు పొద్దున పిల్ల గుప్పెడంత చేత్తో సకీనాబీ రవికె అంచు పట్టుకుంది. పట్టుకుని నిద్రపోయింది. ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది. ఎప్పుడో చాటలో వదిలేసిన బిడ్డను ఇప్పుడు ఎవరో ఎత్తి తన చేతికిచ్చినట్టు అనిపించింది. ఇరవై రెండేళ్ల మంట మెల్లగా ఆరిపోయింది.

థర్మామీటరు దిగింది.

"ఆపా, నీ ఆకువక్కల సంచి మేక తిన్నది" అన్నాడు ఇస్మాయిల్.

"తిననీ పాపం. ఆకలైనట్టుంది."

"నిన్ను నౌకరీల నుంచి తీసేస్తున్న!" అని డాక్టర్ గద్దించాడు.

"తీసెయ్యుండ్రి సాబ్. దీన్ని ఆడిచ్చుకుంట ఇంట్ల కూసుంట."

పిల్ల పాదాలు నీలమయ్యాయి. సకీనాబీకి భయం పుట్టింది. చాటను తలుచుకుంది, తలుపును తలుచుకుంది. కన్నీళ్లే వచ్చాయి గాని కోపం రాలేదు. యా అల్లా, నాకు జర కోపమియ్యి అని వేడుకుంది. ఇస్మాయిల్ అరికాలు మీద కొడుతూనే ఉన్నాడు. పిల్ల ఒకసారి ఊపిరి తీసింది, రెండోసారికి చాలాసేపు పట్టింది.

అప్పుడే కిటికీ బయట కిష్టమ్మ గొంతు వినబడింది.

"బండి కట్టు మాసయ్యా. గుంత తీసి నాలుగొద్దులాయె. తీసిన గుంత కాలీగ ఉంటే ఇంటికి అరిష్టం. ఇయ్యాలన్న కానియ్యాలె."

"ఇంక పానముంది గదమ్మా."

"దారిల పోతది తియ్యి."

జోగులమ్మ లేచి కూర్చుంది. నాలుగు రోజుల్లో ఆమె ముఖం సరిగ్గా చూడటం వాళ్లకు అదే మొదలు. పట్టుమని పద్దెనిమిదేళ్లు లేవు.

"అత్తా, గుంత ఎప్పుడు తీసిండ్రు?"

కిష్టమ్మ లోపలికొచ్చింది. ఆ గొంతు కోడలిదేనా అన్నట్టు చూసింది. "నీకు నొప్పులు రాంగనే. నీ మొగుడే తీసిండు. ఎనిమిదో నెలంటే తెల్వదా?"

"అది పుట్టకముందే తీసిండా?"

జోగులమ్మ మెడ ఎర్రబడింది. పాలతో తడిసిన రవికె క్షణంలో ఎండి బిరుసెక్కింది. కప్పుకున్న దుప్పటిలోంచి ఆవిరి లేచింది.

"దాన్ని నాకియ్యి బూబమ్మా."

సకీనాబీ ఇచ్చింది. జోగులమ్మ పిల్లను రొమ్ముకు అదుముకుంది. ఇస్మాయిల్ అరికాలు మీద ఇంకొక్కటి కొట్టాడు. పాదాల నీలం మెల్లగా విడిచింది. పిల్ల నోరు తెరిచి, వచ్చిన నాటి నుంచి లేనంత గట్టిగా ఏడ్చింది.

"లెవ్వు, పోదాం" అని కిష్టమ్మ కోడలి మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నంత జోరుగా వదిలేసి, బొబ్బలెక్కిన వేళ్లు నోట్లో పెట్టుకుంది.

"నేను రాను. గుంత కాలీగ ఉంటే అరిష్టమైతే, తీసినాయన్నే అండ్ల పండుకొమ్మను."

మధ్యాహ్నం బండి కిష్టమ్మ ఒక్కదాన్నే ఎక్కించుకుని తెలకపల్లి దారి పట్టింది. సకీనాబీ గజగజ వణుకుతూ గొంగడి అడిగితే ఇస్మాయిల్ తెచ్చి కప్పాడు. డాక్టర్ థర్మామీటరు విదిలించి, జోగులమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇంక నెలదాకన్న దీనికి వేడి కావాలె బిడ్డా. గన్ని దినాలు నీ కోపం నిలుస్తదా?"

జోగులమ్మ పిల్ల తలను తన గడ్డం కింద సర్దుకుంది.

"మస్తుంది సాబ్. ఇప్పటిదాక వాడనే లేదు."