దంతచక్రము మీది రెండవ గుర్తు

శరత్కాలారంభమున వరదమాలిన్యమును విడిచి వసిష్ఠగోదావరి నిర్మలస్ఫటికకాంతి వహించుచుండగా, సైకతతీరమున వికసించిన కాశపుష్పసమూహము మందానిలమునకు తలలూచుచుండగా, నరసాపురపు రేవున లాంచీల మరమ్మతుశాలలో పోలయ్య యను మిస్త్రీ విప్పిపెట్టిన ఇంజనుముందు కూర్చుండి యొక దంతచక్రమును నేరస్థుని జూచినట్లు చూచుచుండెను.

ఆ చక్రము వాల్వులను తెఱచి మూయు క్యామ్‌షాఫ్టు కొనయందలిది. దానిమీది గుర్తు పిస్టనులతో కూడి తిరుగు క్రిందిచక్రపు గుర్తుతో నెదురెదురుగా కలిసినగాని వాల్వులు తమతమ వేళలకు తెఱచుకొనవు. తప్పినచో పైకి లేచు పిస్టను తెఱచియున్న వాల్వును ఢీకొని యింజను చెడును. అట్టి గుర్తు ఒక్కటియే యుండవలసినచోట రెండుండెను. ఒకటి చక్రము పుట్టినప్పుడే పొడిచిన పాత చుక్క. మూడు దంతముల కావల ఉలితో చెక్కిన కొత్త గాటు మఱియొకటి.

ఆ యింజనును విప్పినవాడు పోలయ్య యక్కమగడును చిరకాలభాగస్వామియు నగు గంగరాజు. అతడు ఆవలిరేవైన సఖినేటిపల్లిలో వేఱుగా దుకాణము పెట్టుకొననున్నాడని తెలిసినది మొదలు పోలయ్యకు అతని మౌనమును మాటయు సమానముగా సందేహాస్పదము లయ్యెను. కలిసి భుజించునప్పుడు బావ తలవంచుకొనుటయు, తాను ప్రవేశించినంతనే యితరులతో నాడుచున్న మాట నాపుటయు నతని చిత్తమున ముండ్లై నాటుకొనియుండెను. పోవుచు తన పేరు చెఱచిపోవుటకే యీ గాటు పెట్టెనని యతడు నిశ్చయించుకొను సమయమున గంగరాజే వచ్చి గుమ్మమున నిలిచెను.

"కొత్త గాటుకే కలుపు పోలయ్యా. పాత చుక్కని చూడకు."

అడుగకయే చెప్పిన యా హితవచనము శంకాకులచిత్తునకు ఉచ్చువలె తోచెను. పోలయ్య తల యూపి, బావ మరలిపోయిన పిమ్మట పాత చుక్కకే చక్రమును కలిపెను.

లాంచీ యజమానురాలు చింతాలమ్మ త్వరపెట్టుచున్నను అతడు అలవాటు విడువక యింజనును మొదట చేతితో మెల్లగా త్రిప్పిచూచెను. కొంత తిరిగి యది యాగెను. లోపల ఇనుము ఇనుమును తాకిన చప్పుడు వినవచ్చెను. మఱికొంచెము బలము చూపినచో వాల్వు వంగియుండును.

పోలయ్య చేయి తీసి, రెండు గుర్తులను విడిచి, చక్రము నూడదీసి, మొదటి పిస్టనును శిఖరమునకు తెచ్చి, పొగవాల్వు మూతపడుచు గాలివాల్వు తెఱచుకొనబోవు సంధిక్షణమును కంటితో పట్టి మరల చక్రమును బిగించెను. పిదప చూడగా క్రిందిచక్రపు గుర్తు సరిగా కొత్త గాటున కెదురుగా నుండెను. ఆ చక్రము వేఱొక యింజనునుండి యెవరో తెచ్చి తొడిగినదనియు, కావున దాని పాత చుక్క యీ షాఫ్టునకు చెల్లదనియు, బావ విప్పునప్పుడే దానిని కనిపెట్టి తనకు శ్రమ తప్పించుటకే గాటు పెట్టెననియు నతనికి అప్పుడు తెలిసెను.

సాయంకాలమున నింజను తొలిపిలుపునకే పలికెను. పనిముట్ల పెట్టెతో ఆ లాంచీమీదనే ఆవలిరేవునకు పోవుటకై వచ్చిన గంగరాజు, చింతాలమ్మ ఆలస్యమునకు గొణుగుచుండగా విని పోలయ్యవంక తిరిగెను.

"ముందు దేనికి కలిపేవు?"

పోలయ్య నాలుకచివర నబద్ధ మొకటి నిలిచి జారిపోయెను. "పాత చుక్కకే బావా. ఆ గాటుని నమ్మలేకపోయాను."

"గాటుని కాదులే, నన్ను" అని గంగరాజు మెల్లగా పలికి పెట్టె నెత్తుకొని లాంచీ యెక్కెను.

సంధ్యారాగరంజితములైన జలములను చీల్చుకొనుచు లాంచీ సాగిపోయెను. తన చేత కుదిరిన యింజను ఏటినడుమ నెచ్చటనైన తడబడి లాంచీని వెనుకకు మరలింపవలెనని పోలయ్య తన జన్మమున మొదటిసారి కోరుకొనుచు చెవులు రిక్కించి యొడ్డున నిలిచెను. అది యొక్క తాళమైనను తప్పక ఆవలిరేవు చేరెను.