బొటనవేలు ఇవ్వనన్న అమ్మణి

మీరే చేశారు.

కూలీల్ని ఓడెక్కించే డిపోలో బల్ల వెనక కూర్చున్న దొరలూ, మనుషుల్ని తోలుకొచ్చి అప్పగించిన ఏజెంట్లూ... ఇంకెవరూ కాదు, మీరే.

సిరా చల్లగా ఉండింది. నల్లగా, చల్లగా. అది బొటనవేలికి తగలగానే అమ్మణి చెప్పింది – నాకు సంతకం వచ్చు, మిషన్ బడిలో ఇంగ్లీషు చదివాను అని.

అక్కర్లేదన్నారు. వేలు చాలన్నారు.

వేలు తీసుకున్నారు. దాంతోపాటు ఐదేళ్ళు తీసుకున్నారు.

ఐదేళ్ళు... సముద్రం అవతల, రారవాయి చక్కెర మిల్లు దాటాక చెరకు. చెరకు వెనక చెరకు. ఎండలో చెరకు, వానలో చెరకు.

గిర్మిట్ – ఆ ఐదేళ్ళ అగ్రిమెంటు – తీరిన రోజు ఆమె ఒట్టు పెట్టుకుంది. ఈ బొటనవేలు ఇక ఏ కాగితానికీ ఇవ్వదు.

బా అనే ఊళ్ళో కూలీల తరఫున వాదించే వకీలు ఉన్నాడు. ఆయన దగ్గర టైపు మిషను ఉంది. దాన్ని కొట్టే మునియ్య సువా పట్నానికి వెళ్ళిపోతున్నాడు, అతని చోటికి మనిషి కావాలి. వకీలు మాట్లాడుతుంటే వేళ్ళు అందుకోవాలి. అందుకుంటే పని. లేదంటే – మళ్ళీ తోట, మళ్ళీ అగ్రిమెంటు, మళ్ళీ ఆ సిరా.

మునియ్య ఆమె చేతుల మీద తువ్వాలు కప్పాడు. మీటల్ని చూడొద్దన్నాడు.

చూడకపోవడం ఆమెకు కొత్తా? చెరకాకుల కింద గడ్డిని వేళ్ళే వెతికి పీకేవి. కళ్ళు సర్దారు మీద ఉండేవి.

వేళ్ళు నడిమి వరుసలో దిగాయి. పైకి పోయాయి, కిందికి పోయాయి, తిరిగొచ్చాయి. ముందు చినుకుల్లా... తర్వాత వానలా.

బొటనవేళ్ళు మాత్రం ముడుచుకునే ఉన్నాయి.

మునియ్య కాగితం లాగి చూశాడు.

"అరే అమ్మణక్కా, ఇవి మాటలా, కూలీ లైను గదిలో జనమా? కాలు చాపుకునే చోటు లేదే. కింద పొడుగు పట్టీ ఉంది, బొటనవేలితో నొక్కు."

"అంగూఠా ఇవ్వను తమ్ముడూ. ఒకసారి ఇచ్చాను, చాలు."

అతను నవ్వబోయి ఆగాడు. అతని వేలూ ఒకప్పుడు ఆ సిరాలో మునిగిందే.

"ఇది నొక్కితే ఏమీ పడదక్కా. చూస్కో."

నొక్కింది.

కాగితం కాస్త జరిగింది. తెల్లగా.

మళ్ళీ నొక్కింది. తెల్లగానే.

ముద్ర లేదు. గడువు లేదు. రెండు మాటల మధ్య కాస్త గాలి... అంతే.

ఐదేళ్ళు బిగబట్టిన ఊపిరి ఆ సందులోంచి బయటికొచ్చింది.

శనివారం వకీలు నిలబడి చెప్పడం మొదలెట్టాడు. ఆమె పరుగు తీసింది – తోటలో రోజు టాస్కు తీరకపోతే కొడతారన్నట్టు. మీటలు చిక్కుపడ్డాయి. వెనక్కి చూసింది.

వెనక ఎవరూ లేరు. కిటికీ ఉంది. కిటికీలో వాన.

చిక్కు విడదీసుకుంది. మాట, ఖాళీ. మాట, ఖాళీ. ఖాళీ దగ్గర ఊపిరి. వేగం అక్కణ్ణుంచే వచ్చింది. వకీలు ఆగేసరికి వేళ్ళూ ఆగాయి.

సోమవారం నుంచి రమ్మన్నాడాయన. మునియ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఇక అతను పడవ ఎక్కొచ్చు.

అప్పుడు చదివింది అమ్మణి, తను కొట్టినదాన్ని. గిర్మిట్ రద్దు కోరుతూ గవర్నరుకి అర్జీ. చివర్న – దయతో పరిశీలించగలరు.

దయా?

ఎవర్నీ అడగలేదు. కాగితం మళ్ళీ ఎక్కించింది. కింద ఇంకో వరుస కొట్టింది, తొందర లేకుండా, మాటకీ మాటకీ మధ్య చోటిస్తూ –

పరిశీలించొద్దు. కూలీ లైన్లలో ఉన్నవాళ్ళందర్నీ వదలండి. గడువు చెప్పొద్దు. ఇవాళ వదలండి.