బోణీ కాకముందు చెప్పిన మాట

బ్యాంకాక్ బయలుదేరేనాటికి డోర్కాస్ చేతిలో ఉన్నవి మూడు: ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో ఒక సూట్‌కేసుల దుకాణం, నాంపల్లిలో నర్మదతో కలిసి ఉంటున్న కిరాయి ఇల్లు, ఆ ఇంటి గురించి లోకానికి చెప్పడానికి ఒక అబద్ధం. దుకాణం పాతది. అబద్ధం అంతకన్నా పాతది. కానీ రోజూ వాడుకలో ఉండటం వల్ల కొత్తదానిలా మెరిసేది. అడిగినవాళ్లకు చెప్పేది ఇదీ: నర్మద బషీర్‌బాగ్‌లో ఓ దవాఖానలో నర్సు, ఒంటరి మనిషి, కిరాయిలో సగం ఇస్తుంది. అంతే.

సగం ఊరిని విమానం ఎక్కించిన పెట్టెలు తన చేత్తో అమ్మినా, డోర్కాస్ మాత్రం బొల్లారం దాటి పోయింది తక్కువ. ఊరు దాటి పోదామన్న మాట నర్మదే ఎత్తింది.

"ఏడికన్నా పోదాం సేటమ్మా. మనం ఎవలమో దాచకుండ నాలుగు దినాలుండాలె. ఇంకేం అడుగుతలేను."

డోర్కాస్ కాదనలేదు. అయితే మార్కెట్ చూడకుండా సరుకు దించే రకం కాదామె. అందుకని సర్వే మొదలుపెట్టింది. పెట్టె కొనడానికి వచ్చినవాళ్లలో బ్యాంకాక్ చూసినవాళ్లను పట్టుకుని, చక్రాలు తిప్పి చూపిస్తూ మాటల్లో మాటగా అడిగేది.

"సార్, గాడ ఇద్దరు ఆడోళ్లకు ఒక్క గది ఇస్తరా?"

"ఎందుకియ్యరమ్మా? పైసలిస్తే ఏనుగుక్కూడా ఇస్తరు."

"మరి ఏమన్నా అడుగుతరా, ఎవలు, ఏంది అని?"

"పాస్‌పోర్ట్ అడుగుతరు."

ఇంతకన్నా సూటిగా అడగాలంటే అసలు సంగతి చెప్పాలి. చెప్పకుండా ఎంత అడిగినా తేలింది ఒక్కటే, అక్కడ ఎండలు ఎక్కువ. ఆ సమాచారంతో డోర్కాస్ రెండు గొడుగులు కొని టికెట్లు తీసింది. అది రెండు వేల ఆరో సంవత్సరం.

గిరాకీ మొహం చూసి రేటు చెప్పడం డోర్కాస్ విద్య. బ్యాంకాక్‌లో దిగగానే అదే విద్యను అబద్ధాలకు వాడింది. హోటల్ కౌంటర్‌లో ఉన్నామె కాస్త పెద్దదిగా, గంభీరంగా కనిపించింది. ఆమెకు "సిస్టర్, సిస్టర్" అని చెప్పి, విడివిడి మంచాలున్న గది తీసుకుంది. పడకలు సర్దడానికి వచ్చిన పిల్లకు వదినా మరదళ్లమని సైగలతో చెప్పింది. హోటల్ తరఫున ఊరు చూపించేవాడు మరీ చనువుగా మాట్లాడుతున్నాడని, తమ భర్తలు రేపు వస్తున్నారని వాడికి చెప్పింది.

ఆబిడ్స్‌లో అయితే ఈ విద్యకు తిరుగులేదు. ఒక్క పెట్టెకే రెండు రేట్లు విన్న ఇద్దరు గిరాకీలలో ఒకరు కోఠి వైపు, ఒకరు నాంపల్లి వైపు పోతారు, మళ్లీ ఎదురుపడరు. కానీ ఆ హోటల్‌కు ఉన్నది ఒక్క గుమ్మం. మూడు అబద్ధాలు విన్న ఆ ముగ్గురు పనివాళ్లూ కలిసి ఒక్క బల్ల దగ్గరే అన్నం తింటారు.

మర్నాడు నాష్టాకు దిగేసరికి వాళ్ల బల్ల మీద నాలుగు ప్లేట్లున్నాయి. కౌంటర్ ఆమె స్వయంగా వచ్చి నాలుగు కప్పుల్లో చాయ్ పోసి, ఎంతో ప్రేమగా, "హస్బెండ్ కమింగ్?" అంది.

నర్మద ఖాళీ కుర్చీల వైపు చూసింది. "లేపుకొనిరాపో సేటమ్మా. మన మొగోళ్ల చాయ్ సల్లారుతది."

ఆ మరుసటి రోజూ నాలుగే ప్లేట్లు. ఈసారి భర్తల కోసం మామిడిపండు కూడా కోసి పెట్టారు. నర్మద నవ్వలేదు.

"నేను ఇంత దూరమొచ్చింది లేని మొగోళ్లకు నాష్టా పెట్టనీకి కాదు డోర్కాస్. హైదరాబాద్ పోయినంక హాస్టల్ చూసుకుంట."

సేటమ్మా అనలేదు, పేరు పెట్టి పిలిచింది. డోర్కాస్ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. నేరుగా కౌంటర్ దగ్గరికి నడిచింది. వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, "నో హస్బెండ్. నో సిస్టర్," అని నర్మదను చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

కౌంటర్ ఆమె తలూపింది. రిజిస్టర్ తిరగేసి, "వన్ బెడ్ రూమ్, రివర్ విండో. వై యు నాట్ టెల్?" అంది. ఒకటే మంచం ఉన్న గదులన్నీ నది వైపేనట. ఈ రెండు రోజులూ డోర్కాస్ కిటికీ తెరిచి చూసింది పక్క బిల్డింగ్ గోడను. అబద్ధానికి కిరాయి కట్టి మరీ గోడ చూసింది.

ఆ సాయంత్రం నది మీద పడవలు చూస్తూ నర్మద అంది, "చెప్పినవ్, మంచిదే. కానీ ఈమె మళ్లా నీ దుకాణం మెట్లెక్కదు. గిట్లాంటోళ్లకు చెప్తే ఏం పోతది? ఆబిడ్స్‌ల ఒక్కరికి చెప్పు. ఒక్కరికే."

"మోకా చూసి, టైమ్ కుదిరినప్పుడు చెప్త."

"నువ్వు మోకా చూస్తనే ఉంటవ్. ఈ నెలాఖరు దాకా చూస్త, అటెన్క హాస్టలే."

తిరిగొచ్చాక సోమవారం పొద్దున షట్టర్ ఎత్తి, ప్రార్థన చేసుకుని కూర్చుందో లేదో, అన్న జాబెజ్ వచ్చాడు. చర్చి సభలకు మెదక్ వెళ్లాలి, పెట్టె కావాలన్నాడు. డోర్కాస్ మనసు తేలికపడింది, బోణీకి సొంత మనిషి వచ్చాడని. బోణీ గిరాకీ ఉత్త చేతులతో పోతే ఆ రోజు మట్టికొట్టుకుపోతుందని ఆమె గట్టి నమ్మకం. అది మూఢనమ్మకమని పాస్టర్‌గారు ఎన్నోసార్లు చెప్పారు. పాస్టర్‌గారికి దుకాణం లేదు.

జాబెజ్ నల్ల పెట్టె ఎంచి జిప్పు లాగి చూస్తూ, "ఆ సగం కిరాయి ఇచ్చేదాన్ని ఎంబడి ఎందుకు తీస్కపోయినవ్? దానికెందుకంత ఖర్చు?" అన్నాడు.

ముందు పెట్టె అమ్మి తర్వాత చెప్పడమే వ్యాపారం. కానీ బోణీ తర్వాత అనుకున్న మాట సాయంత్రానికి జరుగుతుంది, సాయంత్రంది క్రిస్మస్‌కు జరుగుతుంది. అరువు గిరాకీల వాయిదాలన్నీ చూసిన మనిషి, తన వాయిదా గుర్తుపట్టలేదా?

"అన్నా, నర్మద ఉత్త కిరాయి పంచుకునే మనిషి కాదు. నీకు మాబెల్ వదిన ఎట్లనో నాకు ఆమె గట్లా."

జాబెజ్ జిప్పును పెట్టె చుట్టూ పూర్తిగా తిప్పి మూశాడు.

"గిది నాకు చెప్పకుంటే నడుస్తుండె గదా."

"ఔ. నడుస్తుండె."

పెట్టెను బల్ల మీద నెమ్మదిగా పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం దాకా ఒక్క పెట్టె కదల్లేదు. పాస్టర్‌గారు వచ్చి చూస్తే బాగుండుననుకుంది డోర్కాస్.

డ్యూటీ మధ్యలో టిఫిన్ డబ్బాతో నర్మద వచ్చింది. గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చుంటూ, "మొహమేంది గట్లుంది?" అంది.

"బోణీ పాయె. అన్నకు చెప్పిన."

"ఎప్పుడు? కొన్నంకనా?"

"కొనకముందే."

నర్మద డబ్బా పక్కన పెట్టింది. ఇన్నేళ్లుగా ఈమె బోణీ పిచ్చిని చూస్తున్న మనిషి. లేచి, మూల గీరుకుపోయి ఎవరూ కొనని నీలం పెట్టె లాక్కొచ్చింది.

"గిదెంత?"

డోర్కాస్ రేటు చెప్పింది.

"ఇంటోళ్లకు గూడా గదే రేటా?"

బేరం అరగంట సాగింది. డోర్కాస్ ఓడిపోయింది, అసలుక్కూడా రాలేదు. ఆ నోట్లు కళ్లకద్దుకుని గల్లాలో వేసుకుంది.

చివరికి లెక్క తేలింది ఇట్లా. పోయింది నది కిటికీ లేని రాత్రులు, ఒక నీలం పెట్టె మీద నష్టం. అన్నను పోయినవాటిలో కలపలేదు. అతను ఎంచిన నల్ల పెట్టెను వేరే గిరాకీకి చూపించకుండా అటక మీద ఉంచింది. వచ్చింది నర్మద. ఆమె డబ్బా విప్పడానికి స్టూలును గల్లా వెనక్కి జరుపుకుంది, తిన్నాక మళ్లీ ముందుకు జరపలేదు. ఇరుకు దుకాణం కావడంతో గల్లా తెరిచినప్పుడల్లా డోర్కాస్ మోచెయ్యి ఆమెకు తగులుతూనే ఉంది.