ఎదురు రాని బిడ్డ

తడి గోనెపట్టాలోంచి తునికాకు తీసి కత్తిరిస్తోంది బాలలక్ష్మి. ఒళ్లో చాట, చాటలో తంబాకు. చేతులు వాటి మానాన అవి బీడీలు చుట్టుకుపోతున్నాయి గానీ, ప్రాణమంతా అర్రలోని మంచం దగ్గరే ఉంది. మంచం మీద ఎనిమిదేళ్ల బిడ్డ దీపిక మధ్యాహ్నపు నిద్రలో ఉంది. పక్కనే మొగుడు సదానందం, బిడ్డ తల కింద చేయి పెట్టి, దగ్గు వచ్చినా మింగుకుంటూ పడుకున్నాడు. కాసేపట్లో కారు వస్తుంది. ఎక్కాడంటే శంషాబాద్, అక్కడి నుంచి మస్కట్. మళ్లీ ఎప్పుడు చొప్పదండికి వస్తాడో అతని చేతుల్లో లేదు.

పిల్లకు ఫిట్స్ నిద్రలోనే వస్తాయి. కాబట్టి నిద్రనే పగదాన్ని చేసుకున్నారు ఇంటిల్లిపాదీ. ఎవరికైనా అలాగే తోస్తుంది మరి. కన్ను మూతపడితే చాలు, నానమ్మ లింగవ్వ మొహాన నీళ్లు చల్లేది. బాలలక్ష్మి దారపు ఉండ చేతికిచ్చి బీడీలకు దారం కట్టమనేది. ఎంత మేలుకోబెడితే ఫిట్స్ అంత ఎక్కువయ్యాయి. నేర్చిన పద్యం మర్నాటికి ఉండేది కాదు. పక్కింటి పిల్ల పేరు కూడా తడుముకునేది. చివరికి కరీంనగర్ డాక్టరమ్మ కోప్పడింది. "పగలు విన్నది, నేర్చింది పిల్లల తలలో నిద్రలోనే కుదురుకుంటదమ్మా. నిద్ర చెడగొడితే ఫిట్స్ ఎక్కువైతయి, యాది చెదిరిపోతది. గోలీలు బంద్ చెయ్యకుండ్రి, పిల్లను పండుకోనియ్యుండ్రి." ఆ మాట బాలలక్ష్మి ఇప్పటికీ మరవలేదు. తన చేత్తో తానే చేసింది కదా.

పోయినసారి సదానందం వెళ్లేటప్పుడూ అంతే. చీకటితోనే పిల్లను లేపి, నీళ్ల చెంబు చేతికిచ్చి, ఎదురు రమ్మన్నారు. ప్రయాణమయ్యే మనిషికి ఇంటి ఆడపిల్ల నిండు చెంబుతో ఎదురొస్తే శుభమని. వచ్చింది. ఆ పూటే ఫిట్స్. తేరుకున్నాక బాపు వెళ్లిన సంగతే పిల్లకు గుర్తులేదు. చెప్పకుండా పోయాడని నెలంతా వాకిట్లో కూర్చుని ఏడ్చింది.

అందుకే ఈసారి పొద్దున్నే ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాడు. "పనికి పోతున్న బిడ్డా. ఫోన్ల కనబడ్త." దీపిక ఏడ్చింది, అతని గడ్డం గుంజింది, ఆఖరికి "సరే తియ్" అంది. ఆ "సరే తియ్" పిల్ల తలలో నిలవాలి. బాలలక్ష్మికి ఇవాళ కావలసింది అదొక్కటే.

కారు వచ్చి వాకిట్లో ఆగింది. లింగవ్వ నిండు చెంబుతో లోపలికి వచ్చింది.

"పొల్లను లేపు. ఎదురు రావాలె."

"వద్దత్తా, పండుకోనియ్."

"పోయినసారి అది ఎదురొచ్చిందనే గదా పనిచ్చే మాలిక్ మంచోడు దొరికిండు."

కాపురానికి వచ్చినప్పటి నుంచి బాలలక్ష్మి అత్త మాట కాదని ఎరగదు. ఇప్పుడు చాట పక్కన పెట్టి, లేచి వెళ్లి అర్ర గడపలో నిలబడింది. "నేనొస్త ఎదురు. దాన్ని లేపద్దు."

వెనక నుంచి సదానందం గొంతు మెల్లగా వినిపించింది. "లచ్చిమీ, ఒక్కసారి లేపుదామా? కండ్లు తెరిచి నన్ను చూస్తె సాలు."

అతను అడగకపోతే బాగుండేది. "పొద్దుగాల చెప్పినవ్ గదా. గదన్న నిలవనియ్. ఇప్పుడు లేపితె గదీ పోతదేమో."

"నిలవకపోతె?"

"నేను చెప్త."

"నువ్వు చెప్పుడు వేరు, దానికి యాదుండుడు వేరు," అన్నాడు సదానందం.

బయట డ్రైవర్ హారన్ కొట్టాడు. దీపిక కనురెప్పలు అదిరాయి. ముగ్గురూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. మొదట కదిలింది లింగవ్వే. చెంబు కోడలి చేతిలో పెట్టి, కొంగు జారుతున్నా చూసుకోకుండా వాకిట్లోకి ఉరికింది. "కొట్టకు కొడుకా, నీ కాల్మొక్త. పొల్ల పండుకున్నది."

రెప్పలు కుదుటపడ్డాయి. సదానందం తల కింది చేయి మెల్లగా లాక్కుని లేవబోయాడు. లేవలేకపోయాడు. ప్రయాణానికని తొడుక్కున్న కొత్త చొక్కా పిల్ల పిడికిట్లో ఉంది. వేళ్లు విప్పబోతే ఇంకా బిగించింది. చూసి చూసి, జేబులోని పాస్‌పోర్టు తీసి భార్యకిచ్చాడు. గుండీలు విప్పుకుని, ముందు ఒక చేయి, తర్వాత రెండోది బయటికి లాక్కున్నాడు. బాలలక్ష్మి దండెం మీది పాత చొక్కా, పాస్‌పోర్టు అందించింది. అర్ర దాటేదాకా అతను వెనక్కి వెనక్కే నడిచాడు.

బాలలక్ష్మి ముందుగా బయటికి వెళ్లి చెంబుతో ఎదురొచ్చింది. తొందరలో సగం నీళ్లు వాకిట్లోనే ఒలికాయి. లింగవ్వ ఆ తడి మీద నుంచే కొడుకును కారు దాకా నడిపించింది. కారు నెమ్మదిగా మూల తిరిగింది.

బాలలక్ష్మి మళ్లీ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. పిల్ల లేచి ఏమంటుందో అని ఆమెకు భయంగా ఉంది, లేస్తే గానీ తెలియదు. దీపిక పిడికిట్లో కొత్త చొక్కా నలుగుతోంది, దాని ఖాళీ చేయి మంచం మీంచి కిందికి వేలాడుతోంది.