నది మధ్యలో ఆగిన పడవ

విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే కుసుమకుమారికి ‘ముఖలింగం రేవు’ అనే పాత నవల అంటే ప్రాణం. అందులో వంశధార మీద పడవ నడిపే పైడయ్య పెళ్లాన్ని వదిలి బర్మాలోని రంగం వెళ్లిపోతాడు. ఆమె పేరు అప్పలనర్సు. ముసలి అత్తను సాకుతూ, మొగుడు పడవ నెట్టే గెడ తానే పట్టి, నలుగురినీ ఏరు దాటిస్తూ బతుకుతుంది. చాలా ఏళ్లకు ఒక సాయంత్రం పైడయ్య తిరిగొచ్చి, అవతలి ఒడ్డున నిలబడి పడవ కోసం కేక వేస్తాడు. ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలుసు. అయినా పొయ్యి దగ్గర నుంచి లేవదు. కేక వినబడుతూనే ఉంటుంది, నవల అక్కడితో అయిపోతుంది.

దాన్ని అరవైల్లో ఎప్పుడో సినిమాగా తీశారు. కుసుమకుమారి పుట్టకముందు మాట. తర్వాత అది టీవీలోనూ రాలేదు, క్యాసెట్టుగానూ దొరకలేదు. చివర మొగుడూ పెళ్లాన్ని కలిపేసి పాట పెట్టారని ఆనాటి సమీక్షల్లో చదివింది. అప్పటినుంచీ చూడకుండానే ఆ సినిమా మీద ఆమెకు కోపం.

రెండువేల పద్నాలుగులో ఊళ్లోని ఫిల్మ్ సొసైటీ కార్యదర్శి గణపతిరావు చెన్నైలో ఎవరి దగ్గరో దాని కాపీ సంపాదించాడు. అక్టోబరులో ఒక ఆదివారం గ్రంథాలయం మేడ మీద సినిమా వేసి, తర్వాత నవలకూ సినిమాకూ తేడా ఏమిటో కుసుమకుమారి చేత మాట్లాడించాలని అనుకున్నారు. ముందుగా చూసుకోవడానికి డిస్కు తెచ్చిస్తానన్నాడు. ఈలోపు హుద్‌హుద్ తుఫాను వచ్చిపడింది.

గాలి తగ్గాక చూస్తే వీధికి అడ్డంగా చెట్లు, వంగిపోయిన కరెంటు స్తంభాలు. ఫోన్లు పలకలేదు. గణపతిరావు ఇంటి రేకులు ఎగిరిపోయి పుస్తకాలన్నీ తడిశాయని తెలిసింది. ఆ స్థితిలో ఆయన్ని డిస్కు సంగతి అడగబుద్ధి కాలేదు. కాలేజీకి సెలవులిచ్చారు. పగలంతా నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూడటం, చీకటి పడితే మేడ మెట్ల మీద చేరి కబుర్లు చెప్పుకోవడం, ఇదే పని.

కింది వాటాలో ఎలీసమ్మ ఉండేది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఒంటరిది, మాట కరుకు, చెయ్యి మెత్తన. ఆ మెట్ల మీదే ఒక సాయంత్రం కుసుమకుమారి తన ప్రసంగం సంగతి చెప్పి, కరెంటు వచ్చేదెప్పుడో, ఆ సినిమా వేసేదెప్పుడో అంది. ఎలీసమ్మ విసనకర్ర ఆపి, ఆ సినిమా తాను చూశానని చెప్పింది. శ్రీకాకుళంలో నర్సు ట్రైనింగులో ఉన్నప్పుడు, హాస్టల్లో అడిగి, స్నేహితురాలు మరిడమ్మతో కలిసి వెళ్లిందట. ఒకసారి కాదు, ఆడినన్నాళ్లూ వెళ్లారట.

చెప్పమని కుసుమకుమారి బతిమాలింది. పక్క ఇళ్ల ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. ఎలీసమ్మ ఒకేసారి చెప్పెయ్యలేదు. రోజుకు కొంత చెప్పేది. నవలలో గయ్యాళి అయిన అత్తగారు సినిమాలో పొడుం పీల్చి తుమ్ముతూ నవ్వించే మనిషట. నవలలో ఒక్క వాక్యంలో దాటిపోయిన వరద సినిమాలో పెద్ద ఘట్టమట. ఆమె చెబుతుంటే కుసుమకుమారి నవలలో అక్కడ ఏముందో చెప్పేది. పక్కింటి నీలవేణి రెండూ విని, ఈ సినిమా తీసినాయన పుస్తకం సగం చదివి తీశాడా అని అడిగింది. అందరూ నవ్వారు.

చివరి ఘట్టం చెప్పిన సాయంత్రం మాత్రం ఎవరూ నవ్వలేదు. పైడయ్య కేక వేశాడు. అప్పలనర్సు పడవ తీసుకెళ్లింది. అతన్ని ఎక్కించుకుంది, పలకరించలేదు. నది మధ్యకు వచ్చాక పడవ ఆపింది.

“ఆపి ఏటి సేసినాదనుకున్నారు? గెడ ఆడి సేతికిచ్చినాది. ఇచ్చి, పోయి పడవ ముక్కు కాడ కూకున్నాది. అన్నేళ్లలో ఆ పడవలో అది కూకోడం అదే మొదలు. ఆడికి గెడెయ్యడం మరుపొచ్చీసినాది. పడవ తిరిగిపోతన్నాది. ఇది ఏట్లో కాళ్లు పెట్టుకుని అలా సూస్తన్నాదంతే.”

ఆ తర్వాత ఏమైందని నీలవేణి అడిగితే, తర్వాత ఏదో పాట, అది తనకు గుర్తులేదంది ఎలీసమ్మ.

కుసుమకుమారికి ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. ఇన్నాళ్లూ తిట్టుకున్న సినిమా ఇంత పని చేసిందా అనిపించింది. ఆలోచిస్తే కారణం కూడా తోచింది. నవల చివర మనకు కేక మాత్రమే వినబడుతుంది. కేక వేసిన మనిషి కనబడడు గనక అతన్ని ఒడ్డున వదిలెయ్యడం రచయితకు తేలిక. సినిమా అతని ముఖం చూపించాలి. అలసిపోయిన ఆ ముఖం చూశాక ప్రేక్షకుడు అక్కడ వదిలి రాలేడు. కాబట్టి పడవ వెళ్లక తప్పదు. కానీ వెళ్లిన పడవ నది మధ్యలో ఆగితే, నవలలోని మౌనం చెక్కుచెదరకుండా ఉంటుంది. పైగా గెడ చేతులు మారుతుంది. మర్నాడు కిటికీ దగ్గర కూర్చుని, రాసుకున్న ప్రసంగమంతా పక్కన పడేసి కొత్తగా రాసింది. మూల రచనను మించిన అనుసరణలు అరుదుగా ఉంటాయనీ, ఇది అందులో ఒకటనీ ముగించింది.

కరెంటు వచ్చింది, దీపావళి వెళ్లింది. నవంబరులో సినిమా వేశారు. గణపతిరావు డిస్కు తెచ్చింది ఆ సాయంత్రమే. ఎలీసమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, కుసుమకుమారి పక్కన ముందు వరసలో కూర్చుంది. అత్తగారు తుమ్మింది, వరద వచ్చింది. ఎలీసమ్మ చెప్పినవన్నీ చెప్పినట్టే వస్తున్నాయి. పైడయ్య కేక వేశాడు. అప్పలనర్సు గట్టు మీద నుంచి పరుగెత్తింది, పడవ ఎక్కింది, అవతలి ఒడ్డు చేరింది, అతని కాళ్ల మీద పడింది. పాట మొదలైంది. పాటలో ఇద్దరూ పడవలో ఉన్నారు. గెడ ఆమె చేతిలోనే ఉంది, అతను పాడుతున్నాడు. శుభం కార్డు పడింది.

దీపాలు వేశారు. ఎలీసమ్మ కుర్చీ ఖాళీగా ఉంది.

కుసుమకుమారి లేచి నిలబడింది. చేతిలో కాగితాలు పనికిరావని ఆమెకు తెలుసు. తాను రాసుకొచ్చిన ప్రసంగం ఈ సినిమాలో లేని ఒక దృశ్యం గురించి అని, అందుకని ఈ పూట మాట్లాడలేనని, వచ్చే నెల మాట్లాడతానని చెప్పి క్షమించమంది. కొందరు నవ్వారు. గణపతిరావు మాత్రం కొంచెం చిన్నబుచ్చుకుని, చూడకుండా రాయడమేమిటమ్మా అన్నాడు. ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

కిందికి వస్తే ఎలీసమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. ఇద్దరూ ఆటో ఎక్కారు. ఇంటి ముందు దిగాక ఎలీసమ్మ అంది:

“నాను అబద్దం సెప్పలేదమ్మా. నాకు ఇప్పుడు కూడా కనిపిస్తన్నాది.”

ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె మెట్ల మీదికి రాలేదు. కుసుమకుమారికి మొదట కోపంగానే ఉండేది. కానీ కాలేజీలో పాఠం చెబుతూ చెబుతూ నవల చివరికి వచ్చేసరికి, రచయిత రాసిన పొయ్యి బదులు ఏట్లో పెట్టిన కాళ్లు కళ్లముందుకు రాసాగాయి. సెలవు రోజు కిందికి వెళ్లి, ఎలీసమ్మ పెట్టిన టీ తాగుతూ, సినిమా కాపీల్లో కొన్ని ముక్కలు పోవడం మామూలే, ఇందులో ఆ ముక్క పోయిందేమో అంది. ఆ మాటకు ఎలీసమ్మ ముఖం వెలిగింది. అయితే సాక్షి ఉందంది. మరిడమ్మ కోటబొమ్మాళిలో కొడుకు దగ్గర ఉంటోంది. పోయి అడుగుదామంది.

వరి కోతల కాలం. రైలు శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటాక రెండువైపులా పొలాల్లో పనలు పరిచి ఉన్నాయి. ఎలీసమ్మ దారి పొడుగునా మరిడమ్మ గురించే చెప్పింది. ట్రైనింగులో ఇద్దరిదీ ఒకటే గది. మరిడమ్మ తండ్రి కళింగపట్నం వైపు పడవ వేసేవాడు. పెళ్లయ్యాక మరిడమ్మ ఉద్యోగం మానేసింది. ఎప్పుడో ఒక పెళ్లిలో కలుసుకున్నాక మళ్లీ చూడలేదు.

మరిడమ్మ అరుగు మీద కూర్చుని చేట పట్టుకుని ఉంది. ఎలీసమ్మను చూసి మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక మాత్రం చేట పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని వదల్లేదు. భోజనాలయ్యే దాకా పాత కబుర్లే. చివరికి కుసుమకుమారే సినిమా సంగతి ఎత్తింది. నది మధ్యలో పడవ ఆగిన దృశ్యం గుర్తుందా అని అడిగింది.

మరిడమ్మ వెంటనే తలూపింది. ఎలీసమ్మ కుసుమకుమారి వైపు చూసింది.

“గురుతు లేకేటి. గెడ ఆడికిచ్చీసి ఇది కూకుంతాది. గాని అది సినిమాలో ఎక్కడిదే? సినిమాలో పరిగెత్తుకెల్లి కాళ్ల మీద పడ్డాది కదా. నీకు ఒళ్లు మండిపోయింది. హాస్టలుకి నడుస్తా దారంతా తిట్టినావు. పడవ అసలు తేకుండా ఉండాల్సింది అన్నావు.”

“నానన్నానా?”

“నువ్వే. మనిషిని అలా ఒడ్డున వదిలీకూడదే అని నానన్నాను. తెచ్చి, మధ్యలో గెడ ఆడి సేతికిస్తే తెలుస్తాది అన్నాను. అయ్యకి జ్వరమొస్తే గెడ నానే పట్టీదాన్ని కదా. ఆ బరువు పట్టినోళ్లకే తెలుస్తాది. అప్పుడు నువ్వు, అయితే అది ముందుకెల్లి ఏట్లో కాళ్లు పెట్టుకు కూకోవాలన్నావు.”

ఎలీసమ్మ ఒప్పుకోలేదు. కాళ్లు పెట్టుకోవడం సినిమాలోదే అంది. కాదంది మరిడమ్మ. ఆ తర్వాత చూసినప్పుడల్లా ఆ చోటు రాగానే ఇద్దరూ ఒకరి చెవిలో ఒకరు తమ కథే చెప్పుకునేవారట. వెనక కూర్చున్నవాళ్లు కసురుకున్నారట. కసురుకోవడం మాత్రం ఎలీసమ్మకూ గుర్తుంది. ఎర్ర శాలువా మనిషి అంది. అవునంది మరిడమ్మ. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. మరిడమ్మ కోడలు లోపలినుంచి వచ్చి చూసింది.

నవ్వు ఆగాక ఎలీసమ్మ స్నేహితురాలి వైపు తిరిగింది.

“అయితే ఇన్నేళ్లూ నాకు కనబడిందేటే మరిడీ?”

“మనం తీసుకున్న సినిమా,” అంది మరిడమ్మ. కాఫీ పెట్టమని కోడలికి చెప్పింది.

ఒక సంగతి కుసుమకుమారిని పట్టుకుని వదల్లేదు. పడవ తేకుండా ఉండాల్సిందని ఆనాడు ఎలీసమ్మ అన్నది. అది నవల ముగింపే. ఆ నవల ఒకటుందని కూడా ఎలీసమ్మకు అప్పటికి తెలియదు. సినిమా తీసినవాళ్లు కప్పేసిన చోటు ఆనాటి ఆ ట్రైనింగు అమ్మాయికి ఎలాగో తగిలింది. తిరుగు రైల్లో ఈ మాట చెబితే ఎలీసమ్మ పెద్దగా పట్టించుకోలేదు. మరిడమ్మ చిక్కిపోయిందని, సంక్రాంతి లోపల మళ్లీ ఒకసారి రావాలని అంది.

డిసెంబరులో కుసుమకుమారి మాట్లాడింది. నవల ముగింపు చెప్పింది, సినిమా ముగింపు చెప్పింది, ఇద్దరు నర్సు పిల్లలు దారిలో నడుస్తూ అల్లుకున్న ముగింపు చెప్పింది. సినిమా నవలకు ద్రోహం చేసిందని తాను చాలా ఏళ్లు అనుకున్నాననీ, ఆ ద్రోహం జరగకపోతే ఈ మూడోది పుట్టేది కాదనీ అంది. అనుసరణ సినిమాతో ఆగిపోదు, చూసినవాళ్లు ఇంటికి నడిచే దారిలో కూడా సాగుతుందని, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా నవలనూ సినిమానూ పక్కపక్కన పెట్టి తూచడంలో ఏదో తప్పిపోతోందని చెప్పింది. గణపతిరావు దీన్ని ఒప్పుకోలేదు. ప్రేక్షకుడి ఊహ మీద విమర్శ ఎలా రాస్తామని అడిగాడు. తనకూ తెలియదని ఆమె అంది. ఆ వాదన హాలు తాళం వేసేదాకా నడిచింది. ఇద్దరూ సరదాగానే విడిపోయారు.

ఎలీసమ్మ ఈసారి చివరిదాకా కూర్చుంది. ఎవరో ఆమెను చూపించి చప్పట్లు కొడితే, విసుగ్గా చెయ్యి ఊపింది.

మర్నాడు పొద్దున పైకి వచ్చి నవల అడిగి తీసుకుంది. కళ్లద్దాలు మార్పించుకుని మరీ చదివింది. మధ్యమధ్య అర్థం కాని మాటలు అడగడానికి మెట్లెక్కి వచ్చేది. పండగ దాటాక ఒక మధ్యాహ్నం పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎలా ఉందని కుసుమకుమారి అడిగింది.

“బాగా రాసినాడు,” అంది ఎలీసమ్మ. “ఆ అత్త పోయిన కాడ ఏడుపొచ్చీసింది. సినిమాలో దాన్ని తుమ్మించీసి పాడుసేసినారు.”

చివర గురించి అడిగితే, ఆ పుస్తకం మరిడమ్మకు పంపిస్తానని, ఆమె కూడా చదివాక చెబుతానని అంది. కుసుమకుమారి బీరువాలోంచి మంచి అట్ట ఉన్న ఇంకో ప్రతి తీసి ఆమె చేతిలో పెట్టింది.