అయిదు కలిపే లెక్క

తీరంలోని మా షెడ్డుకు వచ్చేవాళ్ళంతా బరువు తగ్గించి చెబుతారు. ఎనభై కిలోలున్నవాడు డెబ్బై అయిదంటాడు, పొట్ట లోపలికి పీల్చుకుని మరీ అంటాడు. అందుకని ఎవరు ఎంత చెప్పినా నేను మనసులో అయిదు కలిపి సామాను తీస్తాను. పన్నెండేళ్ళలో ఈ లెక్క తప్పలేదు.

మేము అద్దెకిచ్చేవి ఫాయిల్ బోర్డులు. నిలబడి గాలివాటున నడిపే మామూలు తెరచాప బోర్డే, కాకపోతే అడుగున నడుమెత్తు లోహపు కాడ, దాని చివర విమానానికి ఉన్నట్టు రెక్కలు. వేగం అందుకోగానే రెక్కలు నీళ్ళలోనే ఉండి బోర్డును పైకెత్తుతాయి. మనిషి అలలకు మూరెడెత్తున చప్పుడు లేకుండా పోతాడు. ఏ రెక్క, ఎంత తెరచాప అన్నది గాలిని బట్టి, మనిషి బరువును బట్టి. బరువైనవాడికి చిన్న రెక్క ఇస్తే లేవడు. తేలికైనవాడికి పెద్దది ఇస్తే అది ఆగకుండా లేచి, నీటిపైకి వచ్చి, పట్టు తప్పి మనిషిని విసిరికొడుతుంది. ఇదంతా నాకు నేర్పింది మా అన్నయ్య. షెడ్డు పెట్టిందీ తనే.

కిందటేడు జబ్బు చేసి, చిక్కిపోయి ఆసుపత్రి పాలయ్యాక రావడం మానేశాడు. బరువు మళ్ళీ డెబ్బైకి వస్తే నీళ్ళలో దిగొచ్చని డాక్టరు అన్నారట. ఆ డెబ్బై కోసం ఇంటిల్లిపాదీ కాచుకుని కూర్చున్నాం. ఫోన్‌లో ఎప్పుడు అడిగినా పెరుగుతున్నాననే అనేవాడు.

మొన్న ఉదయం చెప్పాపెట్టకుండా షెడ్డుకు వచ్చాడు. నీళ్ళలో ఒంటికి అతుక్కుని ఉండే రబ్బరు వెట్‌సూటు ఇంటి దగ్గరే తొడుక్కుని, పైన వదులు జాకెట్ వేసుకున్నాడు. బుగ్గలు నిండుగా కనిపిస్తే ఒళ్ళు చేశాడని సంబరపడ్డాను. అవి మందులకు ఉబ్బినవని తట్టలేదు. ఎంతున్నావంటే డెబ్బై రెండు అన్నాడు. మూలన తూకం మిషన్ ఉంది. నాకు పని నేర్పినవాణ్ణి దానిమీద ఎక్కమనడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే ఎక్కించాలనీ లేదు.

డెబ్బై రెండుకు అలవాటు చొప్పున అయిదు కలిపాను. గాలి నెమ్మదిగా ఉంది కాబట్టి పెద్ద రెక్క, ఆరున్నర చదరపు మీటర్ల తెరచాప తీశాను. మరలకు గ్రీజు రాసి బిగించాను. తెరచాప మొదలును బోర్డు గాడిలో అన్నయ్య బరువుకు గీసిన పాత గుర్తు దగ్గరే నిలిపాను. అన్నయ్య పెట్టెమీద కూర్చుని, ఒక మర వదులైందని కాలితో చూపించాడు. చూస్తే నిజమే. నాకు ఒళ్ళు మండింది, సంతోషమూ వేసింది.

మా దగ్గర నీళ్ళు చాలా దూరం ఛాతీ లోతే. అక్కడ నిలబడి చూస్తున్నాను. యాభై గజాలు పోయాడో లేదో బోర్డు లేచింది. అంత తొందరగా లేవకూడదు. అన్నయ్య ముందుకాలిమీద బరువంతా వేసి అణచబోయాడు. అణగలేదు. రెక్క నీటిపైకి వచ్చి మెరిసింది, బోర్డు ధబేలుమని పడింది, అన్నయ్య తెరచాపమీద బోర్లా పడ్డాడు.

నీళ్ళు తోసుకుంటూ అటు వెళ్ళాను. గాలి పెరిగిందేమో అనుకున్నాను, పెరగలేదు. రెక్క తిరగేసి బిగించానేమో అనుకున్నాను, తేలి ఉన్న బోర్డు కింద చూస్తే సరిగ్గానే ఉంది. ఇక మిగిలింది ఒకటే. అందరూ తగ్గించి చెప్పేచోట ఒకడు పెంచి చెబుతాడని నాకు ఎప్పుడూ తోచలేదు. చేయి పట్టుకుని లేపితే జాకెట్ కింద వెట్‌సూటు నా గుప్పిట్లో ఖాళీ సంచిలా ముడతపడింది.

"ఎంతన్నయ్యా?"

దగ్గు తగ్గేదాకా ఆగాడు. "యాభై తొమ్మిది."

అక్కడే కడిగేశాను. పిచ్చి పట్టిందా, కాలో చెయ్యో విరిగితే వదినకు నా మొహం ఎలా చూపించాలని అడిగాను. బోర్డు పట్టుకుని నిలబడి అంతా విన్నాడు.

"డెబ్బై ఇక రాదు చిన్నీ. అదీ డాక్టరే చెప్పారు. దిగితే ఇప్పుడే దిగాలి. మీ వదినకు చెప్పే వచ్చాను."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. నా ఏడుపు అయ్యేదాకా అన్నయ్య తెరచాప కొట్టుకుపోకుండా పట్టుకున్నాడు.

బోర్డును ఒడ్డుకు చేర్చి, తిరగేసి మరలన్నీ విప్పాను. చిన్న రెక్క, అయిదు మీటర్ల తెరచాప, పొట్టి కాడ. బోర్డు ముక్కు తొందరగా లేవకుండా తెరచాప మొదలును రెండు వేళ్ళ మేర ముందుకు జరిపి బిగించాను. పాత గుర్తు తుడిచి కొత్తది గీశాను. అన్నయ్య ఒక్కో మరా తిప్పి చూసి, ఈసారి ఏ వంకా పెట్టలేదు.

రెండోసారి బోర్డు నింపాదిగా లేచి, మూరెడెత్తున నిలిచింది. అన్నయ్య దూరంగా పోయి, మలుపు తిరిగి, నావైపే వచ్చాడు. ఏ చప్పుడూ లేదు.

ఎవరికి ఏ సామాను సరిపోయిందో మా దగ్గర అట్టలమీద రాసిపెడతాం. అన్నయ్య అట్ట అన్నిటికన్నా పాతది, తన చేతిరాతే. దానిమీద జబ్బుకు ముందటి ఎనభై ఒకటి కొట్టేసి, కింద యాభై తొమ్మిది అని రాశాను. అయిదు కలపలేదు.